యార్డులోని పొట్టి యింజను

విద్యార్థులారా! రైలుగేటుకడ నిలిచి గూడ్సుబండి పెట్టెలను లెక్కింపనివారు మీలో ఉండరు. ఒకటి, రెండు, మూడు అని మొదలిడి, నలువది దాటిన పిదప లెక్క తప్పి, "అబ్బో! ఎంత పొడవు!" అని ఊరకుందుము. ముందు పోవు పెద్ద యింజనును మెచ్చుకొందుము. కాని ఆ పెట్టెలన్నిటిని ఏరి, వరుసగా నిలిపి, ఒకదానికొకటి తగిలించి బండిగా కూర్చిన దెవరు? ఈ ప్రశ్న మనకు తోచదు. పూలదండను చూచినవారు పూలను పొగడుదురు. దండ గ్రుచ్చిన వ్రేళ్లను తలచువా రరుదు.

రైలుబండిని గ్రుచ్చు ఆ వ్రేళ్లే షంటింగు యింజనులు. బండ్లను ఊరినుండి ఊరికి లాగుట వీని పని కాదు. యార్డు అనబడు విశాలమైన పట్టాల మైదానములో ముందునకు వెనుకకు మెల్లగా నడచుచు, వచ్చిన పెట్టెలను విడదీసి, పోవలసిన పెట్టెలను కూర్చుట వీని పని. పగలనక రేయనక పాటుపడినను ఇవి తమ యార్డు పొలిమేర దాటవు. వీనిలో డీజిల్ నూనెతో నడచు పాతతరపు యింజనులను గూర్చియు, అవి చేసిన సేవను గూర్చియు ఈ పాఠమున చెప్పుదును.

మాది రెడ్డిగూడెము. ఇప్పు డది ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది, నా బాల్యమున కృష్ణాజిల్లాలోనిది. నూజివీడు, మైలవరము, విస్సన్నపేట ప్రాంతములందువలెనే మా యూరి చుట్టును మామిడితోటలు దట్టముగా నుండును. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, తోతాపురి మా తోటలలోని ముఖ్యమైన రకములు. మా యూరికి రైలు లేదు. నూజివీడు పేరుగల స్టేషను సయితము నూజివీడు పట్టణమున లేదు; అది దూరముగా హనుమాన్ జంక్షను చెంత నున్నది. అందుచేత మా కాయ దూరదేశములకు పోవలెనన్నచో ముందు బండిమీదనో లారీమీదనో రైలుకడకు చేరవలసి యుండెను.

1975వ సంవత్సరము వేసవిలో నేను ఎనిమిదవ తరగతి పరీక్షలు వ్రాసి సెలవులలో ఇంట నుంటిని. మా మేనమామ తన తోటలోని బంగినపల్లి కాయను ఢిల్లీకి పంప సంకల్పించెను. ఆయన తోట పెద్దది కాదు. ఒక్కని కాయతో రైలుపెట్టె నిండదు. అందుచేత ఇరుగుపొరుగు రైతులు మువ్వురితో మాటాడుకొని, నలుగురి కాయయు కలిపి ఒక పెట్టెకు సరిపడునట్లు సమకూర్చెను. రెండు దినములు కోత సాగెను. కూలీలు చిక్కములు కట్టిన గడలతో చెట్లెక్కి, సొన కారకుండ ముచ్చికతో కాయలను దింపిరి. వరిగడ్డి పరచిన గంపలలో వానిని పేర్చి, పైన గోనె కుట్టిరి. మూడవనాడు వేకువనే లారీ కదలెను. నేను మామయ్య ప్రక్కన కూర్చుంటిని. మైలవరము, ఇబ్రహీంపట్నము దాటి ప్రొద్దెక్కకమునుపే విజయవాడ గూడ్సుషెడ్డు చేరితిమి.

ఆ కాలమున ఒక్క పెట్టెకు సరిపడు సరకు గలవాడు ఆ ఒక్క పెట్టెనే మాటాడుకొనవచ్చును. నాలుగు చక్రముల మూతపెట్టె యొకటి మాకొరకు నిలిచి యుండెను. హమాలీలు గంపలను లోపల చేర్చిరి. తలుపులు మూసి ముద్ర వేసిరి. పెట్టె ప్రక్కనున్న ఇనుప పట్టీలో గమ్యస్థానము వ్రాసిన చీటిని గ్రుచ్చిరి. ఇక అది మాది కాదు, రైల్వేవారిది.

"మామయ్యా! మన పెట్టెను ఢిల్లీకి లాగుకొనిపోవు యింజను ఏది?" అని నే నడిగితిని.

"ఢిల్లీ యింజను సంగతి తరువాత. ముం దీ పెట్టె ఇచటనుండి కదలవలెను గదరా! అదిగో, కదలించునది వచ్చుచున్నది" అని ఆయన చేయి చాచి చూపెను.

చూడగా, ఒక పొట్టి యింజను మెల్లగా వచ్చుచుండెను. దానికి ముందు పొడవైన ముక్కువంటి భాగమును, వెనుక కిటికీలు గల చిన్న గదియు ఉండెను. చక్రములు ఆరు మాత్రమే. చక్రములను కలుపు కడ్డీలు ఆవిరి యింజనునకువలెనే పైకి క్రిందికి ఆడుచుండెను. కాని బొగ్గులేదు, నిప్పులేదు, ఆవిరి బుసలు లేవు. లోపల నేదియో బరువుగా గురగుర లాడుచుండెను. నాకు నిరుత్సాహము కలిగెను. "ఇదా! ఇంత చిన్నదా!" అంటిని.

"చిన్నదే. కాని ఇది కదలింపనిదే ఇచట నే పెద్దబండియు పుట్టదు" అని మామయ్య పలికెను.

యింజనుకు ముందు నేలమీద ఒక జమేదారు నడచుచుండెను. ఆయన చేతులలో ఎఱ్ఱజెండా, పచ్చజెండా ఉండెను. నోట ఈల యుండెను. ఆయన పచ్చజెండా ఊపినపుడు యింజను కదలును. ఎఱ్ఱజెండా చాచినపుడు ఠక్కున నిలుచును. లోపలి డ్రైవరు కన్నులు ఆ జెండాలమీదనే నిలిచి యుండెను. దూరమున మరియొక పనివాడు పాయింట్లను త్రిప్పి దారి మార్చుచుండెను. ఇందరి చేతులు ఒక్క మనస్సుతో కదలినప్పుడే ఒక పెట్టె ఒక పట్టానుండి మరియొక పట్టాకు చేరును. రాత్రివేళ జెండాలకు బదులు చేతిదీపములు పనిచేయును.

అప్పుడొక పొరపాటు చేసితిని. అది నా తప్పే. మా పెట్టెకు ఆవలిప్రక్క ఒక మంచి కాయ జారి పడియుండుట చూచితిని. చుట్టు తిరిగి పోవుట కోపిక లేక, నిలిచియున్న రెండు పెట్టెల నడుమ వంగి దూరబోయితిని. వెనుకనుండి ఎవరో నా చొక్కాపట్టి బలముగా లాగిరి. నేను వెల్లకిల పడితిని. మరుక్షణమున 'ధణేల్' మను చప్పుడుతో ఆ రెండు పెట్టెల బఫర్లు ఒరసికొనెను. ఆ చప్పుడు నేటికిని నా చెవులలో నున్నది.

నన్ను లాగినవాడు జమేదారే. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తన యెడమచేయి చూపెను. దానికి రెండు వ్రేళ్లు లేవు. "బాబూ! యార్డులో నిలిచియున్న పెట్టెను నిలిచియున్న దని నమ్మరాదు. నేను ముప్పదియేండ్లనుండి ఈ పనిచేయుచున్నాను. ఒక్కసారి నమ్మితిని" అని మాత్రము చెప్పి, మరల ఈల నోట పెట్టుకొని వెడలిపోయెను. మామయ్య ముఖము పాలిపోయి యుండెను. ఇంటికి పోవువరకు ఆయన నా చేయి విడువలేదు.

ఆ సాయంకాలము మా పెట్టె ఉత్తరపుదిక్కునకు పోవు పెట్టెల వరుసలో చేరెను. దాని ముందొక పెట్టె, వెనుక నొక పెట్టె. మా నలుగురు రైతుల కాయ ఒక పొడవైన బండిలో భాగమయ్యెను. పెద్ద యింజను వచ్చి ఆ బండిని లాగుకొని పోవునప్పటికి పొట్టి యింజను అచట లేదు. అది మరియొక మూలలో మరియొకరి పెట్టెను త్రోయుచుండెను.

ఇక యార్డు పనితీరును తెలిసికొందము. విజయవాడ వంటి కూడలికి నలుదెసలనుండి బండ్లు వచ్చును. 1893లో కృష్ణానదిపై రైలువంతెన తెరవబడిన పిదప ఆ ఊరి ప్రాముఖ్యము పెరిగెను. చెన్నై, హౌరా, కాజీపేట, గుంటూరు, గుడివాడ దారులు అచట కలియుచున్నవి. ఒకే గూడ్సుబండిలో వచ్చిన పెట్టెలు కొన్ని మచిలీపట్నమునకు, కొన్ని గుంటూరునకు, కొన్ని విశాఖపట్నమునకు పోవలసినవై యుండవచ్చును. అందుచేత పెద్ద యార్డులలో మూడు విధములైన పట్టాలుండును. వచ్చిన బండి మొదట నిలుచునవి కొన్ని. పెట్టెలను దిక్కులవారీగా విడదీయునవి కొన్ని. కొత్తగా కూర్చిన బండి బయలుదేరుటకు నిలుచునవి కొన్ని. తపాలా కచేరిలో ఉత్తరములను ఊరివారీగా గూళ్లలో వేయుటను మీరు చూచియుందురు. యార్డు చేయునదియు అదియే. ఒక్కొక్క ఉత్తరము ఇరువది, ముప్పది టన్నుల బరువుండును, అంతే భేదము.

మరికొన్ని యార్డులలో నేలను మిట్టగా ఎత్తి కట్టుదురు. షంటింగు యింజను బండిని వెనుకనుండి మెల్లగా మిట్టపైకి నెట్టును. శిఖరముకడ పెట్టెలను విడదీయగా, అవి తమ బరువుచేతనే ఆవలి వాలున దొరలి, పాయింట్లు చూపిన పట్టాలలోనికి ఒక్కొక్కటిగా చేరును. ఉత్తరప్రదేశములోని మొగల్‌సరాయి యార్డు ఇట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. మిట్టపై నడచునపుడు యింజనుకు బలముకంటె నిదానము ముఖ్యము. వేగము కొంచెము హెచ్చినను పెట్టెలు ఒకదానినొకటి గుద్దుకొనును. లోపలి సరకు చెడును. మన రైల్వేల నియమముల ప్రకారము షంటింగులో వేగము సాధారణముగా గంటకు 15 కిలోమీటర్లు మించరాదు. ప్రేలుడు పదార్థములున్న పెట్టెలతో 8 కిలోమీటర్లు మించరాదు. పరుగెత్తు సైకిలుకంటెను మెల్లగా నడచుటయే ఈ యింజను విద్య!

పెట్టెలను తగిలించుట ఎంత కష్టమో వినుడు. పాతకాలపు పెట్టెకు రెండు ప్రక్కల బఫర్లును, నడుమ కొక్కెమును, మరతో బిగించు బరువైన ఇనుప లంకెయు ఉండెడివి. మనిషి రెండు పెట్టెల నడుమకు దూరి, ఆ లంకె నెత్తి కొక్కెమునకు వేసి, మరను త్రిప్పి బిగింపవలెను. వానలోను, చలిలోను, రాత్రులందును ఆ పని సాగుచుండెడిది. డ్రైవరు ఒక్క అడుగు ముందునకు నడపినను నడుమనున్నవాని ప్రాణము దక్కదు. నేటి గూడ్సుపెట్టెలకు తాకినంతనే తమంతట తాము బిగిసికొను నడిమి లంకెలు అమర్చబడినవి. వీనివలన ఎందరి వ్రేళ్లు, ఎందరి ప్రాణములు నిలిచినవో మనము లెక్కింపజాలము. ఐనను పట్టాల నడుమకు, పెట్టెల క్రిందికి పోరాదను నియమము నేటికిని మారలేదు; మీకును, నాకును అది యొకటే.

పూర్వము షంటింగు పనిని ఆవిరి యింజనులే చేసెడివి. ఆవిరి యింజనును పనికి సిద్ధము చేయుటకు కొన్ని గంటలకు ముందే నిప్పు చేయవలెను. అది ఊరక నిలిచి యున్నప్పుడును బొగ్గు మండుచునే యుండును. నీరు పట్టవలెను, బూడిద తీయవలెను. షంటింగు యింజను కదలుటకంటె ఆజ్ఞకై కాచుకొని నిలుచుటయే ఎక్కువ. అట్టి పనికి ఆవిరి యింజను వ్యయముతో కూడినది. డీజిల్ యింజనన్ననో, కొలది నిమిషములలో పనికి సిద్ధమగును. ఎక్కువసేపు పనిలేనిచో ఆపివేయవచ్చును. ముందునకు వెనుకకు సమానముగా నడచును. డ్రైవరుకు ఇరువైపుల చూపు ఆనును. అందుచేత డీజిల్ యింజను తన బలమును లోకమునకు మొదట చాటినది పెద్దబండ్లముందు కాదు, యార్డులలోనే.

డీజిల్ యింజను ఎట్లు పనిచేయును? సైకిలుపంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరెరుగుదురు. గాలిని అదిమినకొలది అది వేడెక్కును. మిక్కిలి గట్టిగా అదిమిన వేడిగాలిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మినచో, అది నిప్పురవ్వ లేకయే భగ్గున మండును. ఆ మంట ముషలకమును నెట్టును. దానితో ఇరుసు తిరుగును. ఈ సూత్రము ననుసరించి జర్మను దేశస్థుడైన రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతముగా యంత్రమును నడపి చూపెను. ఆయన పేరే ఆ యంత్రమునకును, దానిలో పోయు నూనెకును నిలిచినది.

కాని డీజిల్ యంత్రమునకు ఒక లోపము కలదు. అది తిరుగుచున్నప్పుడే బలము చూపును. నిలిచియున్న బరువును తిన్నగా లాగుమన్నచో తానే ఆగిపోవును. కావున యంత్రమునకును చక్రములకును నడుమ ఒక మధ్యవర్తి కావలెను. ఆ మధ్యవర్తి రెండు విధములు. మొదటిది విద్యుత్తు: డీజిల్ యంత్రము జనరేటరును త్రిప్పగా పుట్టిన విద్యుత్తు ఇరుసులకడనున్న మోటార్లను నడపును. రెండవది ద్రవము: ఒక పంకాను త్రిప్పి దానికెదురుగా మరియొక పంకాను నిలిపినచో, గాలి తాకిడిచే రెండవదియు తిరుగును గదా. అట్లే నూనె నిండిన పెట్టెలో ఒక చక్రము నూనెను చిమ్మగా, ఎదుటి చక్రము ఆ తాకిడిచే తిరిగి బండిచక్రములకు బలమునిచ్చును. ఈ రెండవ విధమైన ప్రసారమునందు విశేషకృషి చేసిన భారతీయుడు మనమోహన్ సూరి. రైల్వే ఇంజనీరైన ఆయన రూపొందించిన ప్రసారయంత్రమునకు ఆయన పేరే వచ్చినది. 1962లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించెను.

మరియొక సంగతి. బలము వేరు, వేగము వేరు. పందెపుటెద్దు పరుగెత్తును, దుక్కిటెద్దు లాగును. షంటింగు యింజను దుక్కిటెద్దు వంటిది. తక్కువ వేగమున ఎక్కువ లాగుటకు అనువుగా దానిని నిర్మింతురు. పట్టాను గట్టిగా పట్టుకొనుటకు తగిన బరువు దానికుండును. లేనిచో చక్రములు ఉన్నచోటనే తిరుగును గాని బండి కదలదు.

ప్రపంచమున వాణిజ్యరీతిని విజయము పొందిన మొదటి డీజిల్-విద్యుత్ యింజను షంటింగు యింజనే. 1925లో అమెరికాలో న్యూయార్కు నగరపు యార్డులో అది పనికి వచ్చెను. దాని బలము 300 గుర్రపుశక్తి. ఆవిరి యింజనుల పొగ దుస్సహమగుటచే ఆ నగరమున వానిని మాన్పింప 1923లో శాసనము చేసిరి. ఆ అవసరమునుండియే ఈ యింజను పుట్టెను. 1957 వరకు అది పనిచేసి, ఇప్పుడు బాల్టిమోరు నగరపు రైల్వే ప్రదర్శనశాలలో విశ్రమించుచున్నది.

మన దేశమునకు 1944–45 సంవత్సరములలో అమెరికానుండి బ్రాడ్‌గేజి డీజిల్ షంటింగు యింజనులు వచ్చెను. వీనికి డబ్ల్యూ.డి.ఎస్.-1 అని పేరు. 'డబ్ల్యూ' బ్రాడ్‌గేజికి, 'డి' డీజిలుకు, 'ఎస్' షంటింగునకు గుర్తు. తరువాత జర్మనీనుండి మరికొన్ని తరగతులు వచ్చెను. 1960 దశకము చివర చిత్తరంజన్ కర్మాగారమున డబ్ల్యూ.డి.ఎస్.-4 తరగతి యింజనుల నిర్మాణము మొదలయ్యెను. ద్రవప్రసారముతో నడచు ఈ యింజనుకు మూడు ఇరుసులు, ఇరుసులను కలుపు ప్రక్కకడ్డీలు, సుమారు 60 టన్నుల బరువు, 700 గుర్రపుశక్తి కలవు. అదే కాలమున పెద్దబండ్లను లాగు డబ్ల్యూ.డి.ఎమ్.-2 యింజనుకు 2600 గుర్రపుశక్తి యుండెను. ఆ ఏనుగుప్రక్క ఇది గున్నయే గాని, గున్న లేనిచో ఏనుగునకు లాగుటకు బండి యుండదు. 1975నుండి వారణాసి కర్మాగారము డబ్ల్యూ.డి.ఎస్.-6 తరగతిని నిర్మించెను. ఇది విద్యుత్‌ప్రసారము, ఆరు ఇరుసులు గలది. రైల్వేలు మాత్రమేగాక ఉక్కు కర్మాగారములు, విద్యుత్కేంద్రములు సయితము ఈ తరగతిని కోరి కొనినవి. మన విశాఖపట్నము ఉక్కు కర్మాగారములోపల పనిచేసిన యింజనులలో ఈ తరగతివి కలవు.

ఇట్లు చెప్పుచు నేను ఈ యింజనుల గుణములనే చెప్పినచో మీకు సగము సత్యమునే చెప్పినవాడ నగుదును. మా మామయ్య పెట్టె సంగతి వినుడు. 1975లో పంపిన కాయ క్షేమముగా చేరెను. మంచి ధర వచ్చెను. మరుసటి యేడు పంపిన పెట్టె దారిలో ఎక్కడనో ఒక యార్డులో చిక్కుకొనెను. ఒక బండినుండి విడదీసిరి. మరియొక బండిలో కూర్చుటకు దినములు గడచెను. పెట్టె గమ్యము చేరునప్పటికి గంపలనుండి రసము కారుచున్నదని వార్త వచ్చెను. మామయ్య ఆ రాత్రి అన్నము తినలేదు. "బండి ఆగును గాని కాయ ఆగదురా!" అని మాత్రము అనెను. నలుగురు రైతులును ఆ నష్టమును సమముగా పంచుకొనిరి. ఒకరినొకరు నిందించుకొనలేదు.

ఇట్టి ఆలస్యము మామిడికే కాదు, దేశమంతటను సరకులకు కలుగుచుండెడిది. పెట్టెలు దారిమీదకంటె యార్డులలోనే ఎక్కువకాలము గడపుచుండెడివి. అందుచేత 1980 దశకమున రైల్వేవారు పద్ధతి మార్చిరి. ఒకే సరకు, ఒకే గమ్యము గల పూర్తిబండ్లకు ప్రాధాన్యమిచ్చిరి. మధ్యలో విడదీయుట లేదు, కూర్చుట లేదు. మా యూరినుండి విజయవాడకు పోవు దారిలో ఇబ్రహీంపట్నముకడ డాక్టరు నార్ల తాతారావు విద్యుత్కేంద్రము కలదు. దానికి సింగరేణి బొగ్గు బండికి బండిగా వచ్చును. ఇట్టి సరకులకు కొత్త పద్ధతి ఎంతయో మేలు చేసెను. కూర్పుయార్డులు ఒక్కొక్కటిగా మూతపడెను. పొట్టి యింజనులకు పని తగ్గెను.

కాని పూర్తిబండిని నింపజాలని చిన్న రైతు మాటయేమి? నాలుగు తోటల కాయతో ఒక పెట్టె నిండును గాని, నలువది పెట్టెలు నిండవు గదా! అతడు రైలును విడిచి లారీ నాశ్రయించెను. విజయవాడ చెంతనున్న నున్న మామిడి మార్కెటునుండి కాయ లారీలమీద దూరప్రాంతములకు పోవుట సామాన్యమయ్యెను. లారీ తోటకడకు వచ్చును, త్వరగా చేరును; అది దాని గుణము. ఐనను రైలునకును చిన్న రైతునకును గల లంకె తెగెను. ఆ లంకెను మరల తగిలించుటకు 2020లో కిసాన్ రైలు అను ప్రయత్నము జరిగెను. ఆ యేడు ఆగస్టు 7వ తేదీన మొదటి కిసాన్ రైలు మహారాష్ట్రములోని దేవలాలీనుండి బీహారులోని దానాపూరునకు పోయెను. సెప్టెంబరు 9వ తేదీన మన అనంతపురమునుండి ఒకటి ఢిల్లీకి బయలుదేరెను. ఇంత సరకుండవలెనను కనీసపు కట్టుబాటు లేక, కొలది గంపల రైతు సయితము దానిలో తన పండ్లను పంపగలిగెను.

షంటింగు పని నేటికిని పూర్తిగా అంతరింపలేదు. ప్రయాణికుల పెట్టెలను కడుగుటకు, బాగుచేయుటకు తీసికొనిపోవుటకును, కర్మాగారములలో సరకు పెట్టెలను త్రిప్పుటకును ఇట్టి యింజనులు కావలెను. కాని 2019నుండి నడచుచున్న వందేభారత్ వంటి బండ్లకు వేరుగా యింజనే లేదు. రెండు చివరలను నడపు గదులున్నవి. వానిని త్రిప్పి కూర్చు పనియు తగ్గినది. ఇక ప్రక్కకడ్డీల పాతయింజనులు కానరాకున్నవి.

కొన్నేండ్ల క్రిందట ఒక యార్డు చివర గడ్డిమొలచిన పట్టాపై అట్టి యింజనొకటి నిలిచియుండుట చూచితిని. రంగు పొరలు లేచి యుండెను. గదికిటికీలకు అద్దములు లేవు. లోపల గువ్వలు గూడు కట్టుకొనెను. పాతయినుము క్రింద అమ్మివేయుటకు దానిపై సుద్దతో ఒక అంకె వ్రాసి యుండెను. నేను వెలుపలి బాటపైనే నిలిచి దానిని చూచితిని. జమేదారు మాట మరచి పట్టాలు దాటలేదు. మా మామయ్య పెట్టెను కదలించినది ఇదియే యని నేను చెప్పజాలను. దాని వంటిదే యని మాత్రము చెప్పగలను.

విద్యార్థులారా! ఆ యింజను దూరములు పోలేదు. వేగమున పేరు పొందలేదు. ఒంటరిగా నున్న పెట్టెను తెచ్చి, పదిమందితో చేర్చి, తాను ప్రక్కకు తప్పుకొనెను. ఇప్పుడు మా రెడ్డిగూడెపు రైతులకు ఆ కూర్చువాడు లేడు. కాబట్టి వారే కూడవలెను. నాడు నలుగురు కలిసి ఒక పెట్టెను నింపిరి. నేడు నాలుగూళ్లు కలిసినచో ఒక బండినే నింపవచ్చును. మీలో తోటలు గల యింటివారెందరో యుందురు. ఈ వేసవిలో కాయ కోతకు వచ్చినప్పుడు, మీ ప్రక్కతోటవాని కాయ ఎక్కడికి పోవుచున్నదో ఒక్కసారి అడిగి చూడుడు. కూర్పుపని అచటనే మొదలగును.

ప్రశ్నలు

1. షంటింగు యింజనునకును, పెద్దబండిని లాగు యింజనునకును గల భేదములేవి?
2. "యార్డులో నిలిచియున్న పెట్టెను నిలిచియున్న దని నమ్మరాదు" అని జమేదారు ఏల పలికెను?
3. షంటింగు పనికి ఆవిరి యింజనుకంటె డీజిల్ యింజను ఏల అనుకూలమైనది?
4. 1980 దశకమున వచ్చిన మార్పువలన ఎవరికి మేలు, ఎవరికి ఇబ్బంది కలిగెను?
5. మీ యూరి పంట ఏది? అది సంతకు చేరువరకు ఎందరి చేతులు దాటునో తెలిసికొని వ్రాయుడు.